ఈ-రీడర్‌లో తెలుగు చదివేటప్పుడు వచ్చే తిప్పలు, ఎవరికి ఏది సరిపోతుంది

ఈ-రీడర్ (ఈ-పుస్తకాలు చదివే పరికరం) కొనేటప్పుడు బ్రాండ్ సంగతి తర్వాత, ముందు మీరు చదివే ఫైళ్ళు ఏ రకమో చూస్కోండి, సగం గొడవలు అక్కడే.

సమస్య: పాత పుస్తకం పీడీఎఫ్ 6 అంగుళాల రీడర్‌లో వేస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయి, జూమ్ చేస్తే ప్రతి లైనుకీ పక్కకి జరుపుకోవాల్సొస్తోంది.

కారణం: ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరికే పాత తెలుగు పుస్తకాలు చాలావరకు స్కాన్లే, అంటే పేజీకో ఫోటో, ఫోటోలో ఫాంట్ సైజు పెంచడం కుదరదు కదా.

పరిష్కారం: ఉన్నదాంతో నెట్టుకురావాలంటే అడ్డంగా తిప్పి చదవండి. కంప్యూటర్ ఉంటే కే2పీడీఎఫ్ఆప్ట్ అని ఫ్రీ టూల్ ఉంది, అంచులు కోసేసి లైన్లని చిన్న స్క్రీన్‌కి సర్దుతుంది, కాకపోతే ప్రింట్ మసగ్గా ఉంటే సరిగ్గా రాదు. మీరు చదివేవి ఎక్కువ ఇవే అయితే ఇన్ని పాట్లెందుకు, 10 అంగుళాలదే తీసుకోండి. రేటెక్కువ, బరువెక్కువ, పడుకుని ఒంటిచేత్తో పట్టుకోవడం కష్టం, అయినా అదే కరెక్ట్.

సమస్య: పీడీఎఫ్‌ని కాలిబర్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో ఈపబ్ (అక్షరాల సైజు మార్చుకోగల ఈ-బుక్ ఫైలు) చేస్తే తెలుగు బదులు ఏవో పిచ్చి గుర్తులొస్తున్నాయి.

అది ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో డీటీపీ చేసిన ఫైలై ఉంటుంది. పైకి తెలుగే గానీ లోపల యూనికోడ్ (అన్ని పరికరాలూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల కోడ్) కాదు, అందుకే ఎన్నిసార్లు కన్వర్ట్ చేసినా అంతే. పీడీఎఫ్‌గానే చదవండి, లేదంటే పేజీల్ని ఇమేజ్‌లు చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో ఓపెన్ చేస్తే ఓసీఆర్ అవుతుంది, అంటే బొమ్మలోని అక్షరాలు మామూలు టెక్స్ట్‌గా మారతాయి, తప్పులు మాత్రం మీరే దిద్దుకోవాలి.

సమస్య: ఈపబ్ బానే ఉంది, రీడర్‌లో మాత్రం డబ్బాలు కనబడుతున్నాయి, లేదా వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి.

డబ్బాలంటే తెలుగు ఫాంట్ లేదని. కేబుల్ పెట్టి ఫాంట్స్ ఫోల్డర్‌లో మండలి లాంటి యూనికోడ్ ఫాంట్ వేసి సెట్టింగ్స్‌లో ఎంచుకోండి, కిండిల్, కోబో రీడర్లు రెండూ మనం వేసిన ఫాంట్లు తీసుకుంటాయి. అయినా వత్తులు విడిగానే పడుతుంటే అక్షరాల్ని కలిపే సాఫ్ట్‌వేర్‌లోనే లోపం, కోబోలో కోరీడర్ అనే వేరే రీడింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకుని చూడండి. కిండిల్‌లో దానికి జైల్‌బ్రేక్ (కంపెనీ పెట్టిన తాళం తీసేయడం) కావాలి, నేనైతే అందరికీ చెప్పను.

ఇక తెలుగు పుస్తకాల యాప్‌లోనే కొని చదివే వాళ్ళకి బూక్స్ (Boox) బ్రాండ్ లాంటి, యాప్‌లు వేసుకోగల ఆండ్రాయిడ్ రీడర్ తప్ప దారి లేదు, బ్యాటరీ కాస్త తొందరగా అయిపోతుంది. రాత్రి లైటార్పి చదివే అలవాటుంటే వార్మ్ లైట్ (పసుపుగా మార్చుకోగల స్క్రీన్ వెలుతురు) ఉన్నదే కొనండి, బేసిక్ కిండిల్‌లో అది ఉండదు, కిండిల్ పేపర్‌వైట్‌లో 2021 మోడల్ నుంచి ఉంది.