పోకర్‌లో ఎదుటివారి పందేనికి ఎలా స్పందించాలి?

చేతిలో రెండు, బల్లపై ఐదు ఉమ్మడి ముక్కలతో ఆడే టెక్సస్ హోల్డెమ్‌లో ఎదుటివారు చిప్స్ ముందుకు తోయగానే చాలామంది వారి ముఖంలోకి చూస్తారు. ముందు చూడవలసింది పాట్‌ను, అంటే అప్పటిదాకా అందరూ కాసిన చిప్స్ మొత్తాన్ని.

1. ధర లెక్కకట్టండి. పాట్‌లో 1000 ఉంది, ఎదుటివారు 500 కాశారు. మీరూ 500 వేస్తే మొత్తం 2000 అవుతుంది. అందులో మీరు వేసింది నాలుగో వంతు కనుక, నాలుగు సార్లలో ఒకసారి గెలిచినా నష్టం లేదు. వారు 1000 కాస్తే మూడు సార్లలో ఒకసారి గెలవాలి.

2. ఇప్పుడు మీ అవకాశం ఎంతో చూడండి. మీ చేతిలో రెండు ఇస్పేటు ముక్కలు, ఫ్లాప్‌లో (బల్లపై మొదట తెరిచే మూడు ఉమ్మడి ముక్కల్లో) మరో రెండు ఉన్నాయనుకుందాం. ఫ్లష్‌కు (ఒకే గుర్తు ముక్కలు ఐదు) పనికొచ్చేవి ఇంకా 9. తర్వాతి ఒక్క ముక్కకైతే 9ని రెండుతో, రెండు ముక్కలకైతే నాలుగుతో గుణిస్తే శాతం దాదాపుగా వస్తుంది: 18, 36. తేడా వచ్చేది ఇక్కడే. 36ను నమ్ముకోవలసింది ఎదుటివారు ఆల్-ఇన్ అయినప్పుడే, అంటే తమ చిప్స్ అన్నీ కాసేసినప్పుడే. లేకపోతే టర్న్‌లో (నాలుగో ఉమ్మడి ముక్క తెరిచాక) మళ్లీ పందెం పడుతుంది, మళ్లీ ధర చెల్లించాలి. పై 500 పందేన్నే తీసుకోండి: కావలసింది 25 శాతం, తర్వాతి ముక్కకు ఉన్నది, కచ్చితంగా లెక్కిస్తే, దాదాపు 19. ఫ్లష్ పడ్డాక వారి నుంచి సగటున మరో 600 పైచిలుకు రాబట్టగలరనిపిస్తేనే కాల్ చేయండి, అంటే వారి పందేనికి సమానంగా వేయండి.

3. పందేల వరుసను మొదటి నుంచి గుర్తుచేసుకోండి. ప్రీఫ్లాప్‌లో (ఫ్లాప్ తెరవక ముందు) రైజ్ చేసినవారు, అంటే పందెం పెంచినవారు, ఫ్లాప్‌లోనూ కాయడం మామూలే. ఆ పందెం చిన్నదైతే చేతిలో ఏమీ లేకుండా కూడా కాస్తారు, కాబట్టి ఒక జంట ఉన్నా వదలకండి. పాట్‌లో సగం కాసిన బ్లఫ్ (ఉత్త ముక్కలతో బెదిరించే పందెం) మూడింట ఒకసారి పారినా చాలు, వారికి నష్టం లేదు. అంతకన్నా ఎక్కువసార్లు మీరు ఫోల్డ్ చేస్తుంటే (ముక్కలు పారేసి తప్పుకుంటుంటే) వారు ముక్కలు చూడకుండానే కాయవచ్చు. టర్న్‌లో రెండోసారి పెద్ద పందెం వచ్చిందంటే మాత్రం జాగ్రత్తపడాలి.

4. అప్పటిదాకా మౌనంగా కాల్ చేస్తూ వచ్చినవారు రివర్‌లో (ఐదోది, చివరి ఉమ్మడి ముక్క తెరిచాక) ఉన్నట్టుండి రైజ్ చేస్తే నమ్మండి. ఆసుల జంటను పారేయడం ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంటుంది. అయినా పారేయండి. స్నేహితుల మధ్య ఆటల్లో ఈ రైజ్ బ్లఫ్ కావడం చాలా అరుదు.

5. ప్రతిదానికీ దూకుడుగా కాసేవారిపై ఎదురు రైజ్ చేయాలని చెయ్యి దురదపెడుతుంది. ఓ మోస్తరు ముక్కలుంటే ఆ పని వద్దు. మీరు రైజ్ చేస్తే ఉత్త ముక్కలున్నవారు తప్పుకుంటారు, మీకన్నా బలమైనవి ఉన్నవారే మిగులుతారు. కాల్ చేసి ఊరుకుంటే వారే మళ్లీ బ్లఫ్ చేసి చిప్స్ మీవైపు తోస్తారు.

మరో మాట. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 నాటి కేంద్ర చట్టం దేశమంతటికీ ఆ నిషేధాన్ని తెచ్చింది. ఈ లెక్కలన్నీ ఉత్త చిప్స్‌తోనే సాధన చేయవచ్చు. ప్రతి పందెం పడగానే పాట్ ఎంతో, మీకు కావలసిన శాతం ఎంతో మనసులో చెప్పుకున్నాకే ముక్కల వైపు చూడండి.