రెండో ఇంజిన్ స్టెప్నీ కాదు: చిన్న టర్బోప్రాప్ విమానాల్లో లక్షణం, కారణం, విరుగుడు

కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయంలో 2021 మార్చి 28న మొదటి ప్రయాణికుల విమానం దిగిన రోజు మా వీధిలో సగంమంది అక్కడే ఉన్నారు. రెక్కకొక ప్రొపెల్లర్ ఉన్న ఏటీఆర్ అది. మా తమ్ముడి కొడుకు ఆరోజే పైలట్ అవుతానన్నాడు. ఇప్పుడు నిజంగానే శిక్షణలో ఉన్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చి, "పెదనాయనా, రెండు ఇంజిన్లుండాయి కదా, ఒకటి పోతే ఇంకొకటి లాగదా?" అని అడిగాడు.

"లాగుతుందిరా. కష్టమంతా అదే" అన్నాను.

నేను పైలట్‌ను కాదు. ఇరవై ఏళ్లు ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ల కింద నూనె తుడిచినవాణ్ణి. వాడికి చెప్పిన వాటినే ఇక్కడ ఒక వరసలో పెడుతున్నాను. టర్బోప్రాప్ అంటే జెట్ తరహా ఇంజిన్ ప్రొపెల్లర్‌ను తిప్పే విమానం. కింగ్ ఎయిర్, డోర్నియర్, ట్విన్ ఓటర్, బీచ్ 1900 లాంటివి ఇందులోకి వస్తాయి. ఏటీఆర్ వీటికంటే పెద్దదే అయినా జబ్బులు చాలావరకు ఒకటే కాబట్టి దాన్నీ కలుపుకున్నాను. నడిపేవాళ్లకు మాత్రం ఆ విమానం సొంత పుస్తకమే ప్రమాణం.

సమస్య: నేల వదలగానే ముక్కు ఒక పక్కకు లాగుతోంది

జోడెద్దుల బండిని తలుచుకోండి. ఎడమ ఎద్దు మోకాళ్ల మీద పడింది, కుడిది లాగుతూనే ఉంది. బండి ఎడమకు తిరుగుతుంది. తోలేవాడు కంగారులో కుడి ఎద్దునే అదిలించాడంటే బండి గట్టెక్కి బోర్లా పడుతుంది. విమానంలోనూ ఇంతే. పైగా ఇక్కడ పడిన ఎద్దు ఊరికే ఉండదు, వెనక్కి లాగుతుంది. ఇంజిన్ ఆగినా ఎదురుగాలికి ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది. చేటను గాలికి అడ్డంగా పట్టుకుంటే చెయ్యి వెనక్కి పోతుంది కదా, అదే అంచు తిప్పి పట్టుకుంటే పోదు. ప్రొపెల్లర్ రెక్కలను అలా అంచు తిప్పడాన్నే ఫెదర్ చేయడం అంటారు.

కారణాలు చాలా ఉంటాయి. ఇంజిన్ నిజంగానే పోయి ఉండొచ్చు. సెన్సర్ తప్పుడు సమాచారమిచ్చి, బాగున్న ఇంజిన్ ప్రొపెల్లర్‌ను ఆటోఫెదర్ (ఇంజిన్ పోతే దానికదే ఫెదర్ చేసే ఏర్పాటు) తనంతట తానే తిప్పేసి ఉండొచ్చు. కింగ్ ఎయిర్‌లో ఇంకో పేరుపడ్డ జబ్బుంది. పవర్ లివర్లను పట్టి ఉంచే ఫ్రిక్షన్ నాబ్ బిగించకపోతే, చెయ్యి తీయగానే ఒక లివర్ మెల్లగా వెనక్కి జారుతుంది. ఇంజిన్‌కు ఏమీ కాలేదు, కానీ ఇంజిన్ పోయినట్టే అనిపిస్తుంది.

ముక్కు లాగిన ప్రతిసారీ ఇంజిన్ మీదే అనుమానం పడక్కర్లేదు. 2017 ఫిబ్రవరి 21న ఆస్ట్రేలియాలోని ఎసెండన్‌లో కింగ్ ఎయిర్ బీ200 లేచిన కొన్ని సెకన్లకే ఎడమకు తిరిగి, పక్కనున్న షాపింగ్ సెంటర్ కప్పు మీద పడింది. ఐదుగురూ పోయారు. రెండు ఇంజిన్లూ బాగున్నాయి. తోక మీది నిలువు చుక్కానిని రడ్డర్ అంటారు. దాన్ని ఒక పక్కకు ఒరిపి ఉంచే ట్రిమ్ చక్రం పూర్తిగా ఎడమ చివర ఉంది. బయల్దేరే ముందు ఒక్క చూపు చూసి ఉంటే దొరికేది.

ఏం చేయాలి: ముందు విమానాన్ని నడపాలి, తప్పు ఎక్కడుందో తర్వాత వెతకాలి. ముక్కు ఎటు లాగితే దానికి వ్యతిరేకంగా రడ్డర్ పెడల్ తొక్కాలి. పనిచేసే ఇంజిన్ వైపు ఐదు డిగ్రీల లోపు ఒరగనివ్వాలి. వేగం తగ్గకుండా ముక్కు దించాలి. కింగ్ ఎయిర్ బీ200 వేగం డయల్ మీద ఎర్రగీత 86 నాట్ల (విమాన వేగానికి కొలత) దగ్గర, నీలిగీత 121 దగ్గర ఉంటాయి. ఒక ఇంజిన్‌తో ఎక్కాలంటే నీలిగీతే గతి. ఎర్రగీత కిందికి పోతే రడ్డర్ ఎంత తొక్కినా ముక్కు ఆగదు, అప్పుడు మంచి ఇంజిన్ పవర్ తగ్గించడమే దారి. మనసుకు ఎంత విరుద్ధమైన పనో చూడండి.

చక్రాలు, ఫ్లాప్‌లు (రెక్క వెనక అంచున కిందికి దించే పలకలు) లోపలికి వెళ్లాక, పోయిన ఇంజిన్ ఏదో తేల్చాలి. ఏ కాలు ఖాళీగా ఉందో ఆ పక్కదే పోయినట్టు. అయినా కాలి మాట వెంటనే నమ్మకూడదు. ఆ పక్క పవర్ లివర్‌ను మెల్లగా వెనక్కి లాగి చూడాలి. విమానంలో మార్పేమీ లేకపోతే పోయింది అదే. ఇప్పుడు ఫెదర్ చేయొచ్చు. ఈ మొత్తం తంతులో తొందర పనికొచ్చేది మొదటి రెండు మూడు సెకన్లలో, కాలితో మాత్రమే. చేతికి తొందర అక్కర్లేదు.

చేతి తొందరకు తైపీ సాక్ష్యం. 2015 ఫిబ్రవరి 4న ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్‌లో రెండో ఇంజిన్ ప్రొపెల్లర్ సెన్సర్ లోపంతో ఫెదర్ అయింది. పైలట్ తగ్గించి ఆపేసింది మొదటి ఇంజిన్‌ను, అంటే బాగున్నదాన్ని. 43 మంది పోయారు. కాలి తప్పుకు టెక్సస్‌లోని అడిసన్ ఉంది. 2019 జూన్ 30న కింగ్ ఎయిర్ 350లో ఎడమ ఇంజిన్ పవర్ తగ్గితే మొదట తొక్కింది కూడా ఎడమ పెడలే. 10 మంది పోయారు.

మన ఎండ సంగతీ ఇక్కడే చెప్పాలి. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 1,100 అడుగుల ఎత్తున ఉంది. పుస్తకం లెక్కలో ఆ ఎత్తులో 13 డిగ్రీలు ఉండాలి. మే మధ్యాహ్నం 42 ఉంటుంది. తేడా 29 డిగ్రీలు. డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున కలిపితే, విమానానికి మన అనంతపురం దాదాపు 4,600 అడుగుల కొండ మీద ఉన్న ఊరు. గాలి పలచన, ప్రొపెల్లర్‌కు పట్టు తక్కువ, ఇంజిన్ వేడి హద్దు ముందే వచ్చేస్తుంది. రెండు ఇంజిన్లూ లాగుతున్నప్పుడు ఇదంతా పెద్దగా తెలియదు. ఒక్కటే మిగిలినప్పుడు అసలు ఎక్కుతుందా లేదా అన్నది దీనిమీదే ఉంటుంది. బరువు తగ్గించడం, పొద్దున్నే బయల్దేరడం తప్ప దీనికి మందు లేదు. పుట్టపర్తికి మే నెలలో చిన్న విమానంలో వచ్చేవాళ్లు మధ్యాహ్నం భోంచేసి నింపాదిగా బయల్దేరుదాం అంటే, పైలట్ కాదనగలగాలి.

సమస్య: రెండు ఇంజిన్లూ మోగుతున్నాయి, విమానం మాత్రం లాగడం లేదు

శబ్దం ఉంది కాబట్టి ఇంజిన్ మీద అనుమానం రాదు. టార్క్ మీటర్ (ప్రొపెల్లర్‌కు అందే తిప్పుడు బలం చూపేది) చూస్తేనే తెలుస్తుంది. కారణం సాధారణంగా చెయ్యే. 2023 జనవరి 15న పోఖరాలో ఏటీఆర్ దిగబోతుండగా ఫ్లాప్ లివర్ అనుకుని పక్కనున్న, ప్రొపెల్లర్లను ఫెదర్ చేసే కండిషన్ లివర్లను రెండింటినీ ఫెదర్‌కు లాగేశారు. ప్రొపెల్లర్లు అంచు తిరిగాయి. 72 మంది పోయారు.

దీనికి ఇంకో రూపముంది. పవర్ లివర్లకు గాలిలో దాటకూడని ఒక గేటు ఉంటుంది. దాని కిందికి లాగితే ప్రొపెల్లర్లు బ్రేకుల్లా మారతాయి. అది రన్‌వే మీద వాడుకోవాల్సిన సౌకర్యం. 2011 ఫిబ్రవరి 10న ఐర్లండ్‌లోని కార్క్‌లో మెట్రోలైనర్ అనే చిన్న టర్బోప్రాప్ పొగమంచులో మూడోసారి దిగే ప్రయత్నంలో ఉండగా లివర్లు ఈ గేటు దిగాయి. ఆరుగురు పోయారు. విరుగుడు చిన్నదే: లివర్ మీద చెయ్యి వేసి, చూసి, పైకి చెప్పి, పక్కవాడు ఔనన్నాకే కదపడం. మా వాడికి ఇది బోర్‌గా ఉంటుందట. ఉండనీ.

సమస్య: ఆటోపైలట్‌లో ఉండగా వేగం మెల్లమెల్లగా తగ్గుతోంది

కర్నూలు ఎండలో మంచు మాటేమిటి అంటారు. మన నెత్తిన సుమారు 16,000 అడుగుల పైన సున్నా డిగ్రీలే. అక్కడి మేఘాల్లోని నీటిచుక్కలు రెక్కకు తగలగానే గడ్డకడతాయి. రెక్క ఆకారం మారిపోతుంది. ఆటోపైలట్ ఎత్తు పోకుండా ముక్కు ఎత్తుతూ పోతుంది, పైలట్‌కు ఏమీ తెలియనివ్వదు. చెయ్యెత్తేసే సమయానికి రెక్క స్టాల్ (గాలి పట్టు తప్పి ఎత్తే బలం పోవడం) అంచున ఉంటుంది. 1994 అక్టోబర్ 31న అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర ఏటీఆర్ 72 రెక్క మీద, మంచు పగలగొట్టే రబ్బరు బూట్ల వెనక మంచు పేరుకుంది. 68 మంది పోయారు. ఆ తర్వాతే ఏటీఆర్ బూట్లు వెడల్పయ్యాయి. చేయాల్సింది: బూట్లు పనిచేయించాలి, ఆటోపైలట్ తీసేసి చేత్తో పట్టుకోవాలి, వేగం పెంచాలి, ఆ ఎత్తు వదిలేయాలి.

ఆటోపైలట్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2015 డిసెంబర్ 22న ఢిల్లీ ద్వారకా దగ్గర బీఎస్ఎఫ్ కింగ్ ఎయిర్ లేచిన కాసేపటికే పడి 10 మంది పోయారు. తక్కువ ఎత్తులోనే ఆటోపైలట్ పెట్టారు, విమానం ఒరుగుతుంటే సకాలంలో తీసేయలేదు. పైలట్ కళ్లు మీటర్ల మీద లేనప్పుడు ఆటోపైలట్ సాయం కాదు.

సమస్య: పైలట్ మాట ముద్దగా వస్తోంది, అడిగినదానికి జవాబు లేదు

క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోయింది, మెదడుకు ఆక్సిజన్ చాలడం లేదు. ఈ జబ్బులో దుర్మార్గం ఏమిటంటే, రోగికి హాయిగా ఉంటుంది. 25,000 అడుగుల దగ్గర మూడు నుంచి ఐదు నిమిషాలే పనికొచ్చే తెలివి ఉంటుంది. 2000 సెప్టెంబర్ 4న పెర్త్ నుంచి గని కార్మికులతో బయల్దేరిన కింగ్ ఎయిర్ 200 దిగాల్సిన ఊరు దాటి, దేశాన్ని అడ్డంగా కోసుకుంటూ పోయి, క్వీన్స్‌లాండ్‌లో నేలకూలింది. 8 మంది పోయారు. అనుమానం రాగానే మాస్క్ పెట్టుకోవాలి, కారణం వెతకడం ఆ తర్వాతే. మాస్క్ లేకుండా స్విచ్ వెతకడానికి వంగినవాడు మళ్లీ లేవకపోవచ్చు.

సమస్య: నిన్నటిదాకా బాగుంది, రిపేరు చేశాక తేడాగా ఉంది

ఇది మావాళ్ల తప్పు, అందుకే నిలబడి చెబుతాను. 2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్‌లో బీచ్ 1900 లేవగానే ముక్కు మరీ పైకెత్తి పడిపోయింది. 21 మంది పోయారు. దానికి రెండు రాత్రుల ముందు మెకానిక్ ఎలివేటర్ (ముక్కును ఎత్తించి దించే తోక రెక్క) కేబుల్ సరిచేశాడు. పుస్తకంలో ఉన్న మెట్లు కొన్ని దాటేశాడు. ముక్కు దించడానికి ఎలివేటర్ కదలాల్సినంత కదలకుండా పోయింది. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత కూడా ఆ విమానం తొమ్మిది సార్లు ఎగిరింది. ఏమీ కాలేదు. ఆ ఉదయం మాత్రం నిండుగా జనం, వెనక నిండుగా సామాన్లు. వెనక బరువు, ముందు చాలని ఎలివేటర్, రెండూ కలిశాయి. పాత లెక్కలో మనిషికి వేసే సగటు బరువు కూడా నిజం బరువుకంటే తక్కువని అప్పుడే బయటపడి, ఆ అంకెలు మార్చారు.

బరువు, సామాన్లు ఎక్కడ పెట్టారన్నది మన బస్సుల్లో ఎవరూ పట్టించుకోరు. చిన్న విమానంలో నాలుగు మూటలు ముందు నుంచి వెనక్కి మారినా తేడా పడుతుంది.

నా సర్వీసులో ఒక రాత్రి పని ముగించి సామాన్లు సర్దుతుంటే, టూల్ బోర్డు మీద పదో నంబర్ స్పానర్ చోటు ఖాళీగా ఉంది. రాత్రి రెండింటి దాకా టార్చీలతో ఇంజిన్ కౌలింగ్‌లన్నీ (పై మూతలు) విప్పి వెతికాం. చివరికి నా ఓవరాల్ వెనక జేబులోనే దొరికింది. ఆ వారమంతా మా వాళ్లు నన్ను స్పానర్ సార్ అన్నారు. తిట్లు తిన్నా, బోర్డు నిండకుండా విమానాన్ని వదల్లేదు.

రిపేరు తర్వాత చేయాల్సింది: పని చేసినవాడు కాకుండా ఇంకొకడు చూడాలి. కాక్‌పిట్‌లో ఒకడు స్టీరింగ్ కదుపుతుంటే బయట ఇంకొకడు నిలబడి, తోక రెక్క సరైన దిక్కుకు, సరిపడా కదులుతోందా అని నోటితో చెప్పాలి. కదిలితే చాలదు, కదలాల్సిన వైపే కదలాలి.

సమస్య: లక్షణమే లేదు

కొండకు కొట్టుకునే విమానంలో చివరి సెకను దాకా అన్నీ మామూలుగానే ఉంటాయి. 2022 మే 29న నేపాల్‌లో పోఖరా నుంచి జొమ్‌సొమ్ వెళ్తున్న ట్విన్ ఓటర్ మబ్బుల్లో కొండను తాకి 22 మంది పోయారు. మన జిల్లాలో దీన్ని ఎవరికీ వివరించక్కర్లేదు. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో పావురాలగుట్ట మీద ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ కూలింది. అది విమానం కాదు, కానీ మేఘం, కొండ, తిరిగి రాని నిర్ణయం ఒకటే. కర్నూలుకు తూర్పున నల్లమల, కడప పక్కన పాలకొండలు, దక్షిణాన శేషాచలం. వానాకాలం మబ్బు ఈ కొండల నెత్తిన కూర్చుంటుంది. మబ్బు కింద దూరి దారి వెతుక్కోవడం మానేసి, ఆ ప్రాంతానికి రాసిన కనీస ఎత్తులోనైనా ఉండాలి, లేదా వెనక్కి తిరగాలి. వెనక్కి తిరిగితే తిట్టే వీఐపీని ఎక్కించుకోకపోవడం కూడా విరుగుడే.

సమస్య: గేజీలో ఇంధనం ఉంది, ఇంజిన్లు ఒకదాని వెనక ఒకటి ఆగాయి

2005 ఆగస్టు 6న ట్యునింటర్ ఏటీఆర్ 72 ఇటలీలోని పలెర్మో దగ్గర సముద్రంలో దిగింది. 39 మందిలో 16 మంది పోయారు. పాత గేజీ చెడిపోతే, దాని స్థానంలో ఏటీఆర్ 42కు సరిపోయే గేజీ బిగించారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, సరిగ్గా ఇమిడిపోతాయి. అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించింది. ఇంజిన్లు ఆగాక ప్రొపెల్లర్లను ఫెదర్ చేయలేదు, అందుకే తేలాల్సినంత దూరం తేలలేదు. పైన చెప్పిన చేట ఇక్కడ మళ్లీ వచ్చింది.

దీన్ని నేల మీదే పట్టుకోవచ్చు. జెట్ ఇంధనం లీటరు సుమారు 0.8 కిలో. బౌజర్ (ఇంధనం నింపే ట్యాంకర్) మీటరులో 1,000 లీటర్లు ఎక్కితే గేజీ దాదాపు 800 కిలోలు పెరగాలి. పెరుగుదల తేడాగా ఉంటే గేజీని నమ్మకుండా ట్యాంకు కొలపుల్లతో చూడాలి. ఆ రెండు అంకెలు కలిసేదాకా స్టార్టర్ మీద చెయ్యి వేయకూడదు.