మందుకు లొంగని సుడిదోమ పెరగకుండా చూడటం ఎలా?

మా కోనసీమ సార్వా (ఖరీఫ్) వరి చేలు పాలుపోసుకునే వేళ గట్టు మీద నుంచి చూస్తే ఏమీ తెలియదు. చేలోకి దిగి, దుబ్బును వంచి, నీటికి కాస్త పైన మొదలు చూడండి. గోధుమరంగు సుడిదోమ అక్కడే గుంపుగా చేరి రసం పీలుస్తుంది.

ఒకే మందు పదేపదే కొడితే ఏ దోమా కొత్తగా శక్తి తెచ్చుకోదు. పుట్టుకతోనే తట్టుకోగలిగినవి కొన్ని మిగులుతాయి, తర్వాతి తరం వాటి సంతానమే. ఒక తరానికి సుమారు నెల చాలు! కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల బురదలో ఈతరెక్కల మీద గెంతే చేప కూడా ఇలాంటి ఏరివేతే లక్షల ఏళ్లు సాగగా వచ్చింది. దోమకు అంత కాలం అక్కర్లేదు. 1973లో ఫిలిప్పీన్స్‌లో విడుదలైన ఐఆర్ 26 వరి వంగడం దోమను తట్టుకునేది. కొన్నేళ్లకే దోమ దాన్నీ జయించింది.

అందుకే నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి. దోమ కనబడితే ముందు నీరు తీసి చేను ఆరబెట్టండి. తప్పదనుకుంటేనే మందు, అదీ దుబ్బు మొదలు తడిసేలా. రెండోసారి వేరే రసాయన వర్గానిది వాడండి. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే వర్గం పురుగుమందుల జోలికి అసలు పోవద్దు. దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చిపోయి దోమ ఇంకా పెరుగుతుంది.