తెలుగు రాని సమీక్షకునికి తెలుగు దోషం చూపిన తీరు

స్వచ్ఛంద సేవకులు నడిపే ఒక పీడీఎఫ్ కోడ్ లైబ్రరీలో (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్ సముదాయంలో) ‘లక్ష్మి’ వంటి పదాల వత్తులు పక్కకు జరిగిపోతుంటే, నేను పంపిన సవరణ నెలల తరబడి సమీక్షకు నోచుకోలేదు. ఉద్యోగం ముగించుకుని రాత్రివేళ కోడ్ చూసే ఆ నిర్వాహకులకు తెలుగు రాదు. ఏది సరైన రూపమో తెలియని మార్పును ప్రధాన కోడ్‌లో విలీనం చేయకపోవడం నా దృష్టిలో జాగ్రత్తే తప్ప నిర్లక్ష్యం కాదు.

అందుకని అక్షరాలను సరైన రూపాల్లో అమర్చే హార్ఫ్‌బజ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే హెచ్‌బీ-షేప్ అనే పరికరం అదే ఫాంటుకు ఇచ్చే గ్లిఫ్‌ల (అక్షర రూపాల) వరుసను, స్థానాలను ప్రమాణంగా తీసుకుని, పాత కోడ్‌తో విఫలమై కొత్త కోడ్‌తో నెగ్గే చిన్న పరీక్షను జోడించి, నా శాఖను (నా మార్పులున్న కోడ్ ప్రతిని) తాజా ప్రధాన శాఖపైకి రీబేస్ చేశాను, అంటే నా మార్పులను తాజా కోడ్‌పై తిరిగి అమర్చాను. (పరీక్షలో చేర్చే ఫాంటుకు లైసెన్సు చిక్కులుండరాదు; నోటో తెలుగు ఫాంటు స్వేచ్ఛగా పంచుకునే వీలిచ్చే ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద లభిస్తుంది.) ఈలోగా పని ఆగకుండా ఆ ప్యాచ్‌ను (సవరణను), ప్యాచ్‌లను నిర్వహించే క్విల్ట్ అనే పరికరంతో మా బిల్డ్‌లో (మేము తయారుచేసుకునే ప్రతిలో) నిలుపుకున్నాము. భాష తెలియకుండానే సరిచూసే వీలు కలిగాక, ఒక నిర్వాహకుడు ఒక వేరియబుల్ పేరు మాత్రం మార్పించి దానిని విలీనం చేశారు.