వీలునామా చెల్లేలా రాయడం ఎలా?

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, స్టాంపు సుంకం లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, నోటరీ ముద్ర సాక్షి సంతకానికి బదులు కాదు. గుంటూరులో దస్తావేజులు రాస్తూ ఈ మాట ఎందరికి చెప్పానో లెక్కలేదు. అయినా వచ్చేవారు ముందుగా వంద రూపాయల స్టాంపు కాగితం కొనుక్కునే వస్తారు. తెల్లకాగితం, కలం చాలు.

మొదట ఆస్తుల జాబితా తయారుచేసుకోండి. అరండల్‌పేటలో ఇల్లుంటే డోరు నంబరు, ప్రత్తిపాడు వైపు పొలముంటే సర్వే నంబరు, విస్తీర్ణం, చెక్కుబందీ (నాలుగువైపుల హద్దులు) రాయాలి. ఏది స్వార్జితమో, ఏది పిత్రార్జితమో విడదీయండి. ఉమ్మడి ఆస్తిలో మీ వాటాకు మించి రాసే హక్కు మీకు లేదు, హిందూ వారసత్వ చట్టానికి 2005లో జరిగిన సవరణ తరువాత ఆ ఉమ్మడిలో ఆడపిల్లకూ వాటా ఉంది. బ్యాంకులో నామినీ పేరు రాయించాం కాబట్టి ఆ డబ్బును వీలునామాలో చేర్చనక్కర్లేదనుకోవడం పొరపాటు. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, వారసుడు వేరే కావచ్చు.

తరువాత రాత. జిరాక్సు దుకాణాల్లో దొరికే నమూనాలలో ఖాళీలు నింపవద్దు. సొంత దస్తూరీతో, నీలం సిరాతో, కాగితానికి ఒకవైపే రాయాలి. టైపు చేసినదీ చెల్లుతుంది, కాని సంతకం మీది కాదని రేపు ఎవరైనా అన్నప్పుడు పోల్చి చూడటానికి పేజీల నిండా మీ చేతిరాత ఉండటం కన్నా మేలైనది నాకు కనబడలేదు. మునుపటి వీలునామాలు ఉంటే వాటిని రద్దు చేస్తున్నట్లు తప్పక రాయండి.

అసలు చిక్కంతా సాక్షుల దగ్గరే ఉంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షను ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు కావాలి. వీలునామా ఎవరిదో ఆయన సంతకం చేయడం ఈ సాక్షుల్లో ప్రతి ఒక్కరూ చూడాలి, లేదా ‘ఇది నా సంతకమే’ అని ఆయన నోట వినాలి. ఆపైన ఆయన ఎదుటనే తమ సంతకం చేయాలి. ఇద్దరూ ఒకేసారి ఉండాలని చట్టం అనదు. నేను మాత్రం ముగ్గురినీ ఒకే గదిలో కూర్చోబెట్టనిదే కలం మూత తీయనివ్వను.

దానికి కారణముంది. ఒక పెద్దాయన సంతకం చేసిన కాగితాన్ని కొడుకు స్కూటరు మీద సాక్షుల ఇళ్లకు తీసుకువెళ్లి సంతకాలు పెట్టించుకువచ్చాడు. రిజిస్ట్రేషనూ అయింది. ఏళ్ల తరువాత కూతుళ్లు దావా వేసినప్పుడు, బ్రతికి ఉన్న ఒక్క సాక్షి బోనులో నిలబడి ‘నేను సంతకం పెట్టేటప్పుడు ఆయన అక్కడ లేరండీ’ అని ఉన్నమాట చెప్పాడు. దానితో ఆ వీలునామా వీగిపోయింది, రిజిస్ట్రేషను దాన్ని నిలబెట్టలేదు. సాక్షుల్లో ఒక్కరైనా బ్రతికి, కోర్టుకు రాగల స్థితిలో ఉంటే, కనీసం ఒకరి చేత సాక్ష్యం చెప్పించనిదే రిజిస్టరైన వీలునామానైనా కోర్టు రుజువుగా తీసుకోదు.

అందుచేత సాక్షులు మీకన్నా కనీసం పదిహేనేళ్లు చిన్నవారై ఉండాలి. మీ ఈడు స్నేహితులను పిలిస్తే వారు మీకంటే ముందే వెళ్లిపోవచ్చు. ఆస్తి పొందేవారినీ, వారి భార్యాభర్తలనూ పిలవకండి, అనుమానం అక్కడే మొదలవుతుంది. ‘వ్రాసినవారు’ అని దస్తావేజు లేఖరిగా నేను కింద చేసే సంతకాన్ని, సబ్-రిజిస్ట్రారు తన విధిగా చేసే సంతకాన్ని సాక్షుల లెక్కలో కలుపుకోవద్దు. లోపల ఏముందో సాక్షులకు తెలియనక్కర్లేదు, కనుక గుట్టు బయటపడుతుందన్న భయంతో ఈ పనిని చాటుగా ముగించకండి. తరువాత ఒక్క పేరు దిద్దినా, ఆ దిద్దుబాటు పక్కన మీ సంతకం, సాక్షుల సంతకాలు మళ్లీ ఇదే పద్ధతిలో పడాలి. దిద్దడం కంటే కొత్తది రాయడమే నయం.

రిజిస్ట్రేషను చేయిస్తే మంచిదే, ప్రతి భద్రంగా ఉంటుంది. ఇక ప్రొబేటు, అంటే వీలునామా అసలైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, గురించి అడుగుతారు. మన జిల్లాల్లోని ఆస్తికి హిందువులు రాసిన వీలునామాకు అది తప్పనిసరి కాదు. అసలు వివాదమే లేనిచోట దానికోసం జిల్లా కోర్టు మెట్లెక్కి ఖర్చు పెట్టుకోవడం నాకు నచ్చదు. తహసీల్దారు ఇచ్చే కుటుంబసభ్యుల ధ్రువపత్రం కూడా ఎవరినీ యజమానిని చేయదు. వీలునామాయే లేకపోతే హిందూ పురుషుని స్వార్జితం 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బ్రతికి ఉంటే తల్లికి కూడా సమానంగా వెళుతుంది. ఆ తల్లి వాటాను మరిచిపోయి పంపకాలు చేసుకుని, తరువాత నా దగ్గరకు పరుగెత్తుకొచ్చినవారు చాలామందే ఉన్నారు.