అంబత్తూరు మెషిన్ షాపుకి బూట్లు

పాత సేఫ్టీ బూట్ల పీయూ (పాలియురెథేన్ అనే ప్లాస్టిక్) సోల్ పెళ్లలు పెళ్లలుగా రాలిపోయింది. అరుగుదల కాదు, తేమకి పీయూ అలాగే విరుగుతుంది, వాడకుండా మూలన పెట్టినా సరే. చెన్నై ఉక్క గురించి చెప్పేదేముంది! ఈసారి నైట్రైల్ రబ్బర్ సోల్ తీసుకున్నా. బరువెక్కువే, కానీ లోహం కోసేటప్పుడు వాడే కటింగ్ ఆయిల్‌ని బాగా తట్టుకుంటుంది. హెచ్‌ఆర్‌ఓ (వేడిని తట్టుకునే సోల్ అని) గుర్తున్నదైతే 300 డిగ్రీల వేడిని నిమిషం పాటు తట్టుకోవాలి.

సైజు చూడ్డానికి షిఫ్టు దిగాకే వెళ్లా, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. కాళ్లకి డ్యూటీ సాక్సులే. చిటికెన వేలు స్టీల్ టో (వేళ్ల మీద ఉండే ఉక్కు తొడుగు) అంచుకి ఒరుసుకుంది. ‘వాడితే లూజవుతుంది సార్’ అన్నాడు షాపతను. తోలు సాగుతుంది, ఇనుము సాగుతుందా? నంబరు పెంచకుండా వెడల్పు ఫిటింగ్ అడిగి తెప్పించుకున్నా. లేసులు బిగించి మెట్లెక్కితే మడమ లేవలేదు.