వీడియోలు చూసి వెల్డింగ్ నేర్చుకునేవాళ్లకు

నాట్ల సీజన్‌లో కేజ్ వీల్‌కు (దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కు బిగించే ఇనుప చక్రానికి) ఒక్క పట్టీ ఊడితే చాలు, హాలియాలో వెల్డింగ్ షాపు ముందు ట్రాక్టర్ల వరుసలో నిలబడాలి. ఇక్కడ పొలంలో దమ్ము ఆగిపోతుంది. సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసే మాలాంటి వాళ్లకు చిన్నపాటి వెల్డింగ్ వచ్చి ఉంటే ఎంతో ధైర్యం. ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ ఏడాది కోర్సు ఉంది, కుదిరితే అదే మేలు. పొలం వదిలి వెళ్లలేక నేను ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను.

ముందు వీడియోను సరిగ్గా ఎంచుకోండి. తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనిపించకపోతే, చెప్పేవాళ్లు ఎంత బాగా చెప్పినా దాన్ని పక్కన పెట్టండి. కెమెరా ముందు నల్ల గ్లాసు పెట్టి తీసినవి వెతకండి. వాటిలో రాడ్ (కరిగి అతుకులో కలిసే, పూత పూసిన ఇనుప పుల్ల) కొన కింద కరిగిన ఇనుము నున్నగా, చిన్న మడుగులా కనిపిస్తుంది. చిట్టెం, అంటే రాడ్ పూత కరిగి వచ్చే మడ్డి, దాని మీద తేలుతూ వెనక్కి పోతుంటుంది. వెల్డింగ్ అంతా ఆ మడుగును నడిపించడమే. మొదటిసారి సౌండ్ ఆపేసి, వేగం సగానికి తగ్గించి మడుగును మాత్రమే చూడండి. ఇంకోసారి కళ్లు మూసుకుని శబ్దం వినండి. ఆర్క్ (రాడ్ కొనకూ ఇనుముకూ మధ్య వెలిగే కరెంటు మెరుపు) సరిగ్గా ఉంటే ఆగకుండా ఒకేలా చుర్రుమంటుంది. పొడుగైతే ఆ శబ్దం తెగుతూ, బుసకొడుతూ వస్తుంది.

విదేశీ వీడియోలతో ఒక చిక్కుంది. అమెరికా వాళ్లు 6010 అనే రకం రాడ్‌ను ముందుకీ వెనక్కీ ఊపుతూ కాలుస్తారు. మన దగ్గర షాపుల్లో ఎక్కువగా దొరికేది 6013. దాన్ని అలా ఊపితే చిట్టెం లోపల ఇరుక్కుపోతుంది. కాబట్టి ఏ రాడ్‌తో చేస్తున్నారో చూశాకే చేతి కదలికను అనుకరించండి. వాళ్లు అంగుళంలో 8వ వంతు అంటే మన 10 నంబర్ రాడ్ అనుకోండి, 3.15 మి.మీ. ఉంటుంది. మన 12 నంబర్ 2.5 మి.మీ.

ఇప్పుడు చేతి పని. పాత ఇనుప సామాను దుకాణంలో 6 మి.మీ. మందం పట్టీలు కొనుక్కోండి. తుప్పు, రంగు గ్రైండర్‌తో తీసేయండి. మిషన్ ఎర్త్ వైరు కొసన ఉండే క్లాంప్ పట్టుకునే చోటు కూడా మెరిసేదాకా గీకాలి. ఆర్క్ సరిగ్గా రాకపోతే నేను ముందు చూసేది అక్కడే. 10 నంబర్ రాడ్‌కు 110 ఆంపియర్ల దగ్గర మొదలుపెట్టండి. 12 నంబర్‌కైతే 75 చాలు. ఇంటి నుంచి పొడవాటి సన్నని వైరు లాగితే వోల్టేజి పడిపోతుంది, అప్పుడు మిషన్ మీద కనిపించే అంకెను నమ్మడానికి లేదు.

అగ్గిపుల్ల గీసినట్టు రాడ్‌ను గీసి, వెంటనే కొద్దిగా ఎత్తండి. అతుక్కుంటే పక్కకు తిప్పి లాగండి, రాకపోతే హోల్డర్ (రాడ్‌ను బిగించే పిడి) నొక్కి రాడ్‌ను వదిలేయండి. రాడ్ కొనకూ ఇనుముకూ మధ్య దూరం రాడ్ మందమంతే ఉండాలి. రాడ్ కాలిపోతూ పొట్టిదవుతుంది కనుక చేయి ముందుకు జరుగుతూనే కిందికి దిగుతూ ఉండాలి. కొత్తవాళ్ల చేతికి పట్టుబడనిది ఇదే. రాడ్‌ను పోయే వైపుకు 15-20 డిగ్రీలు వాల్చి లాక్కుంటూ పోండి. చిట్టెం మడుగును దాటి ముందుకొస్తే ఆ చోట అతుకు పడదు.

రెండు ముక్కలు అతికించే తొందర వద్దు. ముందు ఒకే పట్టీ మీద గీతలు వేయండి. చల్లారాక చిట్టెం కొట్టి, వైర్ బ్రష్‌తో రుద్ది చూడండి. గీత వెడల్పు రాడ్ మందానికి రెండు, మూడింతలుంటే మంచిది. తాడు పడేసినట్టు పైపైనే ఉబ్బి ఉంటే కరెంటు తక్కువ. అంచుల వెంట గాడి పడి, చుట్టూ చిటుకులు ఎక్కువైతే కరెంటు ఎక్కువ. గీత మీది అలలు మొనదేలి, గీత సన్నగా ఉంటే చేయి తొందరపడుతోంది. మీ గీతను వీడియోలో ఉన్న గీత పక్కన పెట్టి చూడండి.

తర్వాత ఒక పట్టీ మీద ఇంకోటి నిలువుగా నిలబెట్టి ఒక వైపే అతికించండి. చల్లారాక వైస్‌లో బిగించి, అతుకు లేని వైపు నుంచి సుత్తితో కొట్టి విరగ్గొట్టండి. మూలలో పట్టీ పాత అంచు చెక్కుచెదరకుండా కనిపిస్తే ఇనుము కరగలేదన్నట్టే. పైకి అందంగా ఉన్న అతుకు కూడా ఇలా బయటపడుతుంది. ఈ పరీక్షను చాలా వీడియోలు వదిలేస్తాయి, నా లెక్కలో మాత్రం అన్నిటికంటే ముఖ్యం ఇదే.

వీడియోలో చాలామంది కళ్లు అటు తిప్పుకుని కాలుస్తుంటారు, అది నేర్చుకోవద్దు. 10 లేదా 11 షేడ్ (గ్లాసు నలుపును చెప్పే నంబర్) గ్లాసు ఉన్న మాస్క్ పెట్టండి. చలువ కళ్లద్దాలు పనికిరావు. ఆర్క్ వెలుగు తగిలితే అప్పుడేమీ తెలియదు, కొన్ని గంటల తర్వాత, చాలాసార్లు రాత్రిపూట, కళ్లలో ఇసుక పడ్డట్టు మంట మొదలవుతుంది. నూలు బట్టలు, తోలు బూట్లు, తోలు గ్లోవ్స్ వేసుకోండి. మన ఎండలకు చెమటతో గ్లోవ్స్ తడిసిపోతాయి. తడిస్తే షాక్ కొడుతుంది, పొడి జత దగ్గర పెట్టుకోండి. జీఐ పైపు (జింక్ పూత ఉన్న ఇనుప పైపు) కాల్చినప్పుడు వచ్చే తెల్లటి పొగ పీలిస్తే ఆ రాత్రికి చలి జ్వరం వస్తుంది. అందుకే జింక్ పూత తీసేసి, ఆరుబయట, గాలికి ఎదురు కాకుండా నిలబడి పని చేయండి. ఒకప్పుడు డీజిల్ పోసిన డ్రమ్ము ఇప్పుడు ఖాళీగా ఉన్నా దాని జోలికి పోవద్దు. ట్రాక్టర్ మీద అతికించేటప్పుడు ముందు బ్యాటరీ వైర్లు విప్పాలి.

మొదట కుండ స్టాండ్, గేటు గొళ్లెం, పశువుల కొట్టం ఇనుప పనులు చేసుకోండి. చేయి కుదిరాక కేజ్ వీల్ పట్టీ. ట్రాలీని ట్రాక్టర్‌కు కలిపే డ్రాబార్, హుక్ మాత్రం ఇంకా షాపు మేస్త్రీకే ఇవ్వండి, లోడు మీద అది తెగితే వెనక వచ్చేవాళ్ల ప్రాణం పోతుంది.